పై పోర్షన్‌లో పదిమంది

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కి అడ్డదారిగా పనికొచ్చే ఓ సందులో పాత మేడ. పై పోర్షన్ గుమ్మం బయట ఇంటావిడ సుబ్బరత్నం, ఆవిడ వెనక మెట్టు మీద, కింద రబ్బరు స్టాంపుల కొట్టు నడిపే రాజమల్లు. గుమ్మం లోపల, తలుపు సగమే తెరిచి ఆ సగానికీ తనే అడ్డంగా నిలబడ్డ భానుతేజ, అద్దెకున్నవాడు.

"పదిమందీ లోపలే ఉన్నారా, పంపించేశావా?"

"ఎవరాంటీ?"

"ఎవరాంటీ! ఎంత అమాయకంగా అడిగాడో చూడు రాజమల్లూ. నోట్లో వేలు పెడితే కొరకలేడు పాపం."

"అమ్మా, నేను జెప్పిన గద. పొద్దుగాల్లకెళ్లి మెట్ల కాడనే కూసున్న. ఒక్క మనిషి పైకి పోలే, ఒక్క మనిషి కిందికి దిగలే."

"నువ్వూరుకో. రోజంతా స్టాంపుల మీద అక్షరాలు తిరగేసి చెక్కీ చెక్కీ నీకు లోకమంతా తిరగేసే కనిపిస్తుంది. పదిమంది ఎక్కితే ఒక్కడూ ఎక్కలేదంటావు."

"గట్లెట్ల అమ్మా? గడప కాడ సూడున్రి. ఒక్క జత చెప్పులే ఉన్నయి. అవి గూడ సార్‌వే."

"చెప్పులు లోపల పెట్టుకుంటారు. దొంగతనంగా వచ్చేవాళ్ళు చెప్పులు బయట పేర్చిపెట్టి వస్తారా?"

"ఆంటీ, నాకు మీటింగ్ ఉంది. సాయంత్రం మాట్లాడుకుందామా?"

"మీటింగా? ఇంకా ఎవరితో? లోపలున్న పదిమంది చాలకా?"

"కాదండీ, ఆన్‌లైన్లో..."

"ఏమయ్యా భానుతేజా, అద్దెకిచ్చేటప్పుడు నేనేం చెప్పాను? ఒక్కడివే ఉండాలి, గుంపు పనికిరాదు అన్నానా, లేదా?"

"అన్నారు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"సరే అన్నావు. ఆ తర్వాత మళ్ళీ నోరు విప్పితే ఒట్టు. ఏడాది దాటింది నువ్వొచ్చి. మెట్ల మీద ఎదురైతే ‘ఆ’, కరెంటు బిల్లు చేతికిస్తే ‘సరే’, పండక్కి పులిహోర పెడితే ‘సరే ఆంటీ’. అదీ గోడతో చెప్పినట్టు, గొంతు గొంతులోనే. నేనేమో, ఆహా, ఎంత నెమ్మదస్థుడు దొరికాడూ అని నలుగురికీ చెప్పుకున్నాను. తీరా చూస్తే నెమ్మదస్థుడు నా నెత్తి మీద ఆఫీసు తెరిచాడు!"

"ఆఫీసేంటండీ..."

"ఆఫీసు కాకపోతే ఏమిటది? టకటకలు, ఫోన్లు, కుర్చీలు ఈడ్చడాలు, నవ్వులు, ఇకిలింపులు! ఈ ఇంట్లో పైన చీమ నడిస్తే కింద నాకు వినపడుతుంది. పదిమంది నడిస్తే వినపడదా?"

"నడవరండీ వాళ్ళు."

"నడవరా? మరి ఎగురుతారా?"

"అంటే... ఏం లేదు."

"చెప్పున్రి సార్, జర. అమ్మ నిన్నటికెళ్లి గదే పరేషాన్. బ్యాంకోళ్లు గూడ అడుగుతున్రు పోర్షన్."

"ఆ, అదీ చెప్పు. బ్యాంకులో పనిచేసే మొగుడూ పెళ్ళాం, బుద్ధిమంతులు. పొద్దున్నే పోతారు, చీకటి పడ్డాక వస్తారు. ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఒకటో తారీకుకల్లా సామానుతో వచ్చి వాలతారు. కాబట్టి నువ్వు సర్దుకో."

"ఆంటీ, ప్లీజ్. ఖాళీ మాత్రం చెయ్యమనకండి."

"ఎందుకు చెయ్యమనకూడదు?"

"నాకిక్కడ అలవాటైపోయింది."

"నాకు అవలేదే."

"ఆఫీసుకి దగ్గరని తీసుకున్నానండీ ఈ ఇల్లు."

"ఏదీ, ఏ ఆఫీసు?"

"బషీర్‌బాగ్‌లో... నడిచి వెళ్ళేవాణ్ణి."

"ఇప్పుడు వెళ్తున్నావా?"

"లేదు. ఆ ఫ్లోర్ వదిలేశారు. అందరికీ వర్క్ ఫ్రం హోం."

"అంటే లేని ఆఫీసుకి దగ్గరని నా ఇంట్లో ఉంటున్నావు. బాగుంది! అందుకని ఆ వదిలేసిన ఆఫీసుని మూట కట్టి తెచ్చి ఇక్కడ దింపావు. ఒప్పుకున్నట్టేగా?"

"మీరన్నదాంట్లో సగం నిజమేనండీ."

"సగమా? ఐదుగురా?"

"అమ్మా, ఐదుగురు గూడ లేరు! పొద్దున ఒక్క పాల పాకెట్ తీసుకపోతడు సార్. గాళ్లకు ఏం తాపుతడు, నీళ్లా?"

"నువ్వు ఆయన వకీలువా, నా అద్దెదారువా? ఇదిగో చూడబ్బాయ్, నన్ను మోసం చెయ్యాలనుకోకు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. ఒక్కసారి గొంతు విన్నానంటే మనిషిని పట్టేస్తాను. మొహాలు మర్చిపోతానేమో గానీ గొంతు మర్చిపోను. నీ ఆఫీసులో ఎవరెవరున్నారో చెప్పనా?"

"వద్దులెండి."

"ఎందుకొద్దు, విను. ఒక ఆడపిల్ల ఉంది, నవ్వుతుంది. పళ్ళెంలో చిల్లర పోసినట్టు ఒకటే నవ్వు. పని లేదు, పాటు లేదు. ఒకడు దగ్గుతాడు. పాడు దగ్గు! నెలల తరబడి ఒకటే దగ్గు. మందు వేసుకోడా వాడు? ఇంట్లో అడిగేవాళ్ళే లేరా? మిరియాల కషాయం కాచి పంపుదామని రెండుసార్లు పొయ్యి దాకా వెళ్ళాను. మళ్ళీ, అడక్కుండా నా ఇంట్లో దూరినవాడికి కషాయం ఒకటా అని ఊరుకున్నాను."

"ప్రహ్లాద్‌కి తగ్గిపోయిందండీ."

"తగ్గడమేమిటయ్యా! ఇవాళ మధ్యాహ్నం కూడా దగ్గాడు!"

"అది ఇవాళ్టి దగ్గు కాదు."

"ఏమిటీ?"

"ఏం లేదు."

"ఇవాళ దగ్గింది ఇవాళ్టి దగ్గు కాకపోతే మొన్నటిదా? సరే, ఇంకొకడున్నాడు, కథల పుట్ట. రోజూ ఒకటే కథ. వాళ్ళ మేనేజరు అబిడ్స్‌లో స్కూటరాపి హెల్మెట్ కొనుక్కుని బయటికొచ్చేసరికి, నో పార్కింగని ట్రాఫిక్ వాళ్ళు స్కూటర్ ఎత్తుకుపోయారట. ఆయన ఆ కొత్త హెల్మెట్ నెత్తిన పెట్టుకుని బషీర్‌బాగ్ దాకా నడిచొచ్చాడట."

"హెల్మెట్ పెట్టుకోని నడిసిండా? హహ్హహ్హ! ఎందుకమ్మా?"

"చేత్తో పట్టుకుంటే గీతలు పడతాయట. నవ్వకు! నువ్వంటే మొదటిసారి వింటున్నావు. వీళ్ళు రోజూ వింటారు. రోజూ అదే కథ, అదే మాట దగ్గర అదే నవ్వు. జీతాలిచ్చే వాడికి సిగ్గుండాలి, ఇలాంటివాళ్ళని పెట్టుకున్నందుకు."

"మీరు రోజూ వింటారా ఆంటీ?"

"వింటానా? నాకేం కర్మ! చెవుల్లో పడుతుంది."

"అమ్మ టీవీ గూడ బంద్ వెట్టి..."

"రాజమల్లూ!"

"నేనేమన్లే."

"వీళ్ళందర్నీ ఎలాగో భరించవచ్చు. ఒకడున్నాడు, వాణ్ణి తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. గురు అని."

"గురు... అని ఎవరూ లేరే."

"వాడి అసలు పేరేమిటో నాకేం తెలుసు? నాలుగయ్యేసరికి ఆ నవ్వే పిల్ల పిలుస్తుంది, ‘గురూ, చాయ్‌కి వస్తావా?’ అని. ఎంత ముద్దుగా పిలుస్తుందనుకున్నావు! నన్ను పిలిస్తే నేను వెళ్ళేదాన్ని. వాడేమంటాడు? ‘మీరు కానివ్వండి, నాకు కొంచెం పనుంది.’ రోజూ అంతే. హాలంతా వినపడేలా కేక పెట్టి మరీ చెప్తాడు, మీరు కానివ్వండీ, నాకు కొంచెం పనుందీ అని. వాడొక్కడే దేశాన్ని మోస్తున్నట్టు, మిగతావాళ్ళు గోళ్ళు గిల్లుకుంటున్నట్టు! ఛీ. ఒక్కరోజైనా లేచి వెళ్తాడేమోనని చూస్తాను. వెళ్ళడు."

"గురూ అనేది పేరు కాదండీ. ఆఫీసుల్లో అందరం... అందరూ ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు."

"ఎలా పిలిస్తేనేం, పిలిచినప్పుడు వెళ్ళాలా, వద్దా?"

"వెళ్ళాలి."

"వెళ్ళడు. అలాంటివాడు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. తలుపు తియ్యి. వాడి మొహం చూసి ఒక మాట అడిగిపోతాను."

"ఆంటీ, లోపల ఎవరూ లేరు."

"తియ్యి."

"నిజంగా ఎవరూ లేరు. అది... అది రికార్డింగ్ ఆంటీ."

"ఏది?"

"మీరు విన్నదంతా. నవ్వు, దగ్గు, హెల్మెట్. అంతా."

"ఏమిటి రాజమల్లూ, ఏమంటాడు?"

"టేపు ఏసుకుంటుండట అమ్మా, మనుషుల సప్పుడు."

"రండి. చూసుకోండి."

"అబ్బో, తెరిచాడు మహానుభావుడు. పద... ఏదీ? ఒకటే కుర్చీయా?"

"ఒకటే."

"ఒకటే కంచం, ఒకటే గ్లాసు. ఆ మూల ఎండిపోయి నిలబడ్డదేమిటి?"

"మొక్క. కంపెనీ వాళ్ళు పంపించారు, ఒక్కళ్ళే ఉంటారు కదా, తోడుగా ఉంటుందని."

"నీళ్ళు పొయ్యలేదా?"

"మర్చిపోయాను."

"తోడొచ్చిన దాన్ని ఎండగట్టి చంపావన్నమాట. ఇంకేం పంపించింది నీ కంపెనీ?"

"శుక్రవారం శుక్రవారం సరదా మీటింగ్ పెడతారు. పనిగురించి మాట్లాడకూడదు. ఎవరి ఇంట్లోంచి వాళ్ళు చాయ్ తెచ్చుకుని కెమెరా ముందు తాగాలి."

"తాగుతావా?"

"కెమెరా ఆపేస్తాను. అందరూ ఆపేస్తారు. ఎవరైనా జోకేస్తే నవ్వుతున్న బొమ్మ పంపిస్తాం."

"నోరు పెట్టుకుని బొమ్మ పంపిస్తారా?"

"మైకు మూసే ఉంటుంది కదండీ. మామూలు మీటింగుల్లో కూడా ఏదైనా చెప్పాలంటే టైపు చేస్తాను."

"అదీ సంగతి. నీ గొంతు నాకెందుకు వినపడదా అనుకున్నాను. నువ్వసలు వాడితేగా! పెద్ద చదువు, పెద్ద కంప్యూటరు, మాట్లాడటానికి వేళ్ళు, నవ్వడానికి బొమ్మలు. చక్కగా ఉంది బతుకు. ఆ డబ్బా ఏమిటి?"

"స్పీకర్. దాంట్లోంచే వస్తుంది."

"పెట్టు. వింటాను."

"ఎందుకాంటీ..."

"పెట్టమంటుంటే!"

"వినండి."

‘...అరే, కొత్త హెల్మెట్ రా, చేత్తో పట్టుకుంటే గీతలు పడతాయని నెత్తిన పెట్టుకున్నాడు! జీపీఓ ముందునుంచి నడుచుకుంటూ వస్తుంటే ఆటోవాడు ఆపి, సార్, బండేదీ అన్నాడట...’

"అమ్మా! డబ్బలకెళ్లి మాట్లాడుతున్రు! ఆటో మాట నువ్వు చెప్పనే లేదు, ఇంకింత మంచిగుంది!"

"ష్. ఇప్పుడా పిల్ల నవ్వుతుంది."

"నవ్వింది."

"చెప్పానా? ఇప్పుడు దగ్గు."

"నిజమే! దగ్గిండు!"

"ఆ పిల్లెవరు?"

"కీర్తి."

"కీర్తి. బాగుంది పేరు. ఎక్కడిదీ చప్పుడంతా?"

"ఆఫీసు చివరి రోజుదండీ. మర్నాటినుంచి రావక్కర్లేదన్నారు. ఎందుకో తోచింది, ఫోన్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టాను. ఇక్కడికొచ్చాక మొదట్లో బాగానే ఉంది. తర్వాత్తర్వాత ఈ గది మరీ... టీవీ పెట్టి చూశాను. ఇంటర్నెట్‌లో ఆఫీసు చప్పుళ్ళని దొరుకుతాయి, అవీ పెట్టాను. ఏ దేశం వాళ్ళో. వాళ్ళ దగ్గు కూడా మన దగ్గులా ఉండదు. అప్పుడు ఇది గుర్తొచ్చింది."

"అప్పట్నించీ రోజూ అదే రోజు."

"ఊఁ. భయమేస్తుందాంటీ. సాయంత్రం దీపం వేసేటప్పుడు, ఇవాళ నేను ఎవరితోనైనా ఒక మాట మాట్లాడానా అని ఆలోచిస్తాను. గుర్తు రాదు. ఇది ఉంటే ఎవరో ఉన్నట్టుంటుంది."

"సార్, ఫోన్ జేసి పిలువరాదు వాళ్లను? మనుషులే వస్తరు గద. గీ డబ్బ ఎందుకు?"

"అందరూ తలో చోటికీ పోయారు రాజమల్లూ. ప్రహ్లాద్ పుణె. వెంకీ, అదే, హెల్మెట్ కథ చెప్పేవాడు, వేరే కంపెనీ."

"ఆ నవ్వే పిల్ల?"

"కీర్తి... ఇక్కడే. బర్కత్‌పురా."

"బర్కత్‌పురా! ఇక్కణ్ణించి ఆటో ఎక్కితే ఎంత సేపు? ఆ పిల్ల అక్కడ ఒంట్లో ప్రాణంతో తిరుగుతుంటే నువ్విక్కడ దాని నవ్వు డబ్బాలో పోసుకుని కూర్చున్నావా?"

"ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలకి వస్తూ ఉంటుంది. మెసేజ్ పెడుతుంది, రమ్మని."

"వెళ్ళావా?"

"కుదర్లేదు."

"కుదర్లేదు! ఇంటి ముందుకొచ్చి పిలిస్తే కుదర్లేదు. మీ అమ్మా నాన్నా ఎక్కడ?"

"వనస్థలిపురం."

"ఊళ్ళోనే! మరి ఈ మొండిగోడల మధ్య ఎందుకు? ఆఫీసు లేనప్పుడు ఇంటికి పోవచ్చుగా?"

"ఆఫీసు తీసేశారని వాళ్ళకి చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వచ్చెయ్యమంటారు. అక్కడ పని సాగదండీ. ఇంటినిండా జనం. మా అన్నయ్య పిల్లలు, బాబాయి వాళ్ళు. కాసేపు కూర్చోనివ్వరు. అన్నానికి రా, ఇది తిను, అది చూడు..."

"పాపం. ఎంత నరకం! మనుషులున్న ఇల్లొదిలిపెట్టి, మనుషుల చప్పుడు అద్దె గదిలో మోగించుకుంటున్నావు. ఇలాంటి తెలివి ఏ కాలేజీలో నేర్పారు నీకు? నాకు తెలిసిన పిచ్చివాళ్ళు కూడా ఇంతకంటే నయం. స్టేషన్ దగ్గర ఒకడుంటాడు, గోడతో మాట్లాడతాడు. వాడైనా మాట్లాడతాడు."

"అంత మాటనకండాంటీ."

"అంటాను. సరే, ఇంకొంచెం పెట్టు. చాయ్ దాకా పెట్టు."

"చాలు కదండీ..."

"పెట్టు!"

‘...దగ్గేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో రా, తుంపర్లు స్క్రీన్ మీద పడుతున్నాయి. పదండి పదండి, మళ్ళీ సమోసాలైపోతాయి. గురూ, చాయ్‌కి వస్తావా?...’

"ఆపావేం?"

"అంతేనండీ. ఇంక ఉండదు."

"ఉండకపోవడమేమిటి? ఇప్పుడే వాడు కుయ్యాలి. రోజూ వింటున్నాను, నాకు తెలీదా?"

"ఛార్జింగ్ అయిపోయింది."

"వైరు గోడకే ఉంది గద సార్."

"అయినా అయిపోయింది."

"వాణ్ణెందుకు దాస్తావు? ఎవడు వాడు?"

"ఉన్నాడు లెండి. వాడి సంగతి వదిలెయ్యండి."

"చివరి రోజు కదా అది? మర్నాటినుంచి ఎవరి దారి వాళ్ళదేగా? ఆ రోజు కూడా వెళ్ళలేదా వాడు చాయ్‌కి?"

"ఆ రోజు... సబ్మిట్ చెయ్యాల్సిందేదో ఉన్నట్టుంది."

"ఇంతకీ సబ్మిట్ చేశాడా?"

"చేశాడు. ఎవరూ చూడలేదనుకుంటా."

"బాగా అయింది! వాడికి అలాగే కావాలి. మరి నీ గొంతేదీ ఇందులో? ఇంతమందిలో నువ్వెక్కడున్నావు?"

"నేను రికార్డ్ చేస్తున్నాను కదండీ. నేనేం మాట్లాడలేదు."

"నిజమే, నువ్వెప్పుడు మాట్లాడావు గనక. సరే, విను. బ్యాంకు వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చెయ్యను."

"థాంక్సాంటీ!"

"ఆగు, పూర్తి కాలేదు. ఈ డబ్బా కట్టెయ్యాలి. పోయినవాళ్ళ ఫొటోకి దండ వేసినట్టు బతికున్నవాళ్ళ గొంతులకి రోజూ పూజేమిటి, అసహ్యంగా? నా నెత్తిన ఈ దయ్యాల కొలువు నాకొద్దు."

"సరే."

"రెండోది. రేపట్నించి నాలుగింటికి నేను కింద చాయ్ పెడతాను. రాజమల్లు కూడా వస్తాడు. నువ్వు దిగి రావాలి. మనుషుల మధ్య కూర్చుని, నోటితో మాట్లాడి, గ్లాసు కడిగి పైకెక్కాలి."

"అమ్మ యెట్లనన్న నాలుగ్గొట్టంగనే చాయ్ వెడతది సార్. పైన మీవోళ్లు చాయ్ అనంగనే కింద అమ్మ పొయ్యి ముట్టిస్తది. రెండూ ఒక్కపారే."

"నిన్నెవరడిగారు?"

"ఉన్నమాట అన్న."

"కొన్నాళ్ళకి నీ కొట్టు కూడా ఖాళీ చేయిస్తాను, చూస్తూండు. ఏమయ్యా, వస్తావా రావా? రాకపోతే ఆ బ్యాంకు వాళ్ళ నంబరు నా చేతిలోనే ఉంది."

"తప్పకుండా వస్తానాంటీ. నిజంగా. చాలా థాంక్స్. నాకు... నన్నెవరైనా ఇలా పిలిచి ఎన్నాళ్ళయిందో."

"చాలు, చాలు. ముక్కు తుడుచుకో. ఆ మొక్కని కిందికి పట్రా, బతుకుతుందేమో చూస్తాను. పద రాజమల్లూ."

మర్నాడు, నాలుగింటికి. మెట్ల కింద సుబ్బరత్నం, రాజమల్లు, చాయ్ గిన్నె. పైన తలుపు వేసి ఉంది.

"ఇయ్యాల పైన సప్పుడే లేదమ్మా."

"లేదు. చెవులు గుయ్యిమంటున్నాయి. పొద్దుట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. వెంటనే కట్టెయ్యమన్నాను చూడు, నాదీ ఒక బుద్ధే."

"దగ్గు గూడ లేదు."

"ఎవడిదో దగ్గు, ఎక్కడో పుణెలో తగ్గిపోయింది, నాకెందుకు బెంగ? ఛ. మూడు గ్లాసులు పెట్టావా?"

"పెట్టిన. సార్‌ది పెద్ద గ్లాసు. బిస్కట్లు గూడ తెచ్చిన, ఉస్మానియా. సార్ ఫస్టు దినం గద."

"వాడి మొహానికి ఉస్మానియా బిస్కట్లొకటి. సర్లే, పళ్ళెంలో పెట్టు. ఒరే అబ్బాయ్! భానూ!"

"తలుపు గూడ తీస్తలేడమ్మా."

"పలకడేం? భానూ! నాలుగైంది!"

"లోపలకెళ్లి ఏదో అంటుండమ్మా. మెల్లగ అంటుండు."

"ఏమంటున్నావు? గొంతు పెగల్దా? తలుపు తీసి మాట్లాడు!"

"ఆంటీ... అది... ఇవాళ..."

"గట్టిగా చెప్పవయ్యా! పైన నువ్వు, కింద నేను, నీ గుసగుసలు నాకెలా వినపడతాయి? కేక పెట్టు! చాయ్‌కి వస్తావా?"

"మీరు కానివ్వండీ! నాకు కొంచెం పనుందీ!"

"అమ్మా... గీ గొంతు..."

"నాకు చెవులున్నాయి రాజమల్లూ."

"గీ గొంతు గా డబ్బల..."

"నోర్మూసుకుని చాయ్ పొయ్యి. మూడు గ్లాసుల్లోనూ పొయ్యి."

"ఆంటీ? వినపడిందా?"

"వినపడింది నాయనా. ఏడాదికి ఇవాళ వినపడింది. గురూ! చాయ్‌కి వస్తావా, బ్యాంకు వాళ్ళకి ఫోన్ చెయ్యనా?"